కానొపీకి కీలు ఎటువైపు?

ఇంటి పక్క షెడ్డులో వ్యక్తులు తమ చేతులతో కట్టుకునే చిన్న విమానాలలో పైలట్ కూర్చునే చోటును కప్పే పారదర్శకమైన మూతను కానొపీ అంటారు. ఆ మూతకు కీలు ముందు ఉండాలా, పక్కన ఉండాలా, వెనక ఉండాలా, లేక కీలే లేకుండా అది పట్టాలమీద జరగాలా అన్నది పైకి తలుపు బిగించే వడ్రంగి ప్రశ్నలాగే కనిపిస్తుంది గాని, దాని జవాబులో గాలి ఒత్తిడి, లోహపు బలం, ప్లాస్టిక్ స్వభావం, ప్రమాదంలో మనిషి బయటపడే దారి అన్నీ ఒకచోట కలుసుకుంటాయి. ఇంటి తలుపు గొళ్ళెం ఊడితే తలుపు గాలికి కాసేపు కొట్టుకుంటుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎగురుతున్న విమానంలో కానొపీ గడియ ఊడితే ఆ తరువాతి క్షణాలు ఎలా గడుస్తాయో చాలావరకు కీలు ఉన్న స్థానమే నిర్ణయిస్తుంది. అందుచేత ఈ ఎంపిక విమానం ఇంకా కాగితంమీద గీతలుగా ఉన్నప్పుడే, తగినంత ఆలోచనతో జరగవలసిన పని.

సొంతంగా విమానం కట్టుకునే అభిరుచి అమెరికాలో బాగా వేళ్ళూనుకున్నది. 1953లో పాల్ పోబెరెజ్నీ చొరవతో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏర్పడిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ దానికి కేంద్రమైంది. విద్య కోసమో వినోదం కోసమో ఔత్సాహికులు విమానంలో ప్రధానభాగాన్ని తామే నిర్మించినప్పుడు దానిని ప్రయోగాత్మక తరగతిలో నమోదు చేసుకోవడానికి అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి. సగానికి మించిన పని వారి చేతులమీదుగానే జరగాలి కాబట్టి వాడుకలో దీనిని 51 శాతం నియమం అంటారు. కర్మాగారంలో తయారయ్యే విమానంలో ప్రతి కీలునూ లెక్కగట్టి, పరీక్షించి, ఆమోదం పొందే యంత్రాంగం ఉంటుంది. ఇక్కడ ఆ బాధ్యతలో పెద్దభాగం నిర్మాత భుజాలమీదే పడుతుంది. నమూనాలో ఉన్న కీలును మార్చుకునే స్వేచ్ఛ ఆయనకు ఉంది, ఆ మార్పు ఫలితాన్ని మొదట అనుభవించేదీ ఆయనే.

కీలు సంగతికి వచ్చేముందు అది మోయవలసిన బరువు ఎంతో తెలియాలి. కానొపీ సొంత బరువు స్వల్పమే. అసలు బరువు గాలిది. ఎదురుగా వచ్చే గాలి కానొపీ ఉబ్బెత్తు ఆకారంమీదుగా సాగేటప్పుడు దాని వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది; లోపలి గాలి పీడనం దానికంటే ఎక్కువగా ఉండడంతో మూత నిరంతరం పైకి లేవాలని చూస్తుంది. వేగం కారణంగా గాలికి కలిగే ఒత్తిడిని గతిక పీడనం అంటారు. సముద్రమట్టం దగ్గర గంటకు 200 కిలోమీటర్ల వేగంలో అది చదరపు మీటరుకు సుమారు 190 కిలోల బరువుకు సమానం. కానొపీమీద సగటు పీలుపు అందులో సగం అనుకున్నా, ఒక చదరపు మీటరు విస్తీర్ణమున్న మూతను సుమారు 95 కిలోల బలం పైకి లాగుతూ ఉంటుంది. ఈ ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, వేగం 300 కిలోమీటర్లకు చేరితే అదే లాగుడు రెండున్నర రెట్లకు కాస్త తక్కువగా, దాదాపు 215 కిలోలు అవుతుంది. నేలమీద ఒక చేత్తో సులువుగా ఎత్తగలిగే మూత గాలిలో ముగ్గురు మనుషుల బరువుతో పైకి లాగబడుతుందన్న సంగతిని నిర్మాత ఎన్నడూ మరువరాదు.

కీళ్ళ స్థానాన్ని శాసించే రెండవ విషయం జ్యామితి. ఒక మూతకు ఎన్ని కీళ్ళు ఉన్నా అవన్నీ ఒకే సరళరేఖమీద ఉంటేనే అది తిరుగుతుంది. ఆ ఊహారేఖనే అక్షం అంటారు. తలుపుకు మూడు బందులు బిగించే వడ్రంగి వాటిలో ఒక్కటి అంగుళంలో పదోవంతు పక్కకు జరిగినా తలుపు బిగుసుకుపోతుందని ఎరిగి, నిలువు సరిచూసుకున్నాకే మేకులు దిగ్గొడతాడు. విమానదేహపు పక్క అంచు మాత్రం ద్వారబంధంలాగా తిన్నగా ఉండదు. ముక్కునుంచి తోకవైపు అది వంపు తిరుగుతూ సాగుతుంది. ఆ వంపును అనుసరించి కీళ్ళు బిగిస్తే అవి మూడు వేరు వేరు అక్షాలమీద పడి, మూత తెరుచుకోదు, లేదా బలవంతాన తెరుచుకుని పారదర్శకపు భాగాన్ని మెలిపెట్టి చీలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ఒకే పొడవాటి కడ్డీని అన్ని కీళ్ళ రంధ్రాలలోంచి దూర్చి, అది తేలికగా తిరుగుతున్నదని నిర్ధారించుకున్న తరువాతే రివెట్లు కొడతారు. వంపు ఎక్కువగా ఉన్న దేహానికి పక్కకీలు పనికిరాదని కొన్నిసార్లు ఈ ఒక్క పరీక్షే తేల్చేస్తుంది.

ఇక స్థానాలను ఒక్కొక్కటిగా పరిశీలించవచ్చు. ముందు అంచున కీలు ఉండి, వెనక అంచు పైకి లేచే పద్ధతిని ముక్కువైపు కీలున్న కారు బానెట్‌లాగా ఊహించుకోవాలి. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1970లలో ఒరెగాన్ రాష్ట్రంలో నెలకొల్పిన వాన్స్ సంస్థ విమానాలలో ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆర్‌వీ-6, ఆర్‌వీ-7 నమూనాలకు ఈ ముందుకీలు పద్ధతిని, జరిగే కానొపీని రెండు ప్రత్యామ్నాయాలుగా ఇచ్చారు. ఔత్సాహిక నిర్మాతల మధ్య దశాబ్దాలుగా సాగుతున్న చర్చకు ఈ జంట మంచి ఆధారం. ముందుకీలు ఉన్నప్పుడు విండ్‌షీల్డ్ కూడా మూతలో భాగమే కాబట్టి కళ్ళముందు అడ్డుకమ్మీ ఉండదు. విమానం బోల్తాపడినప్పుడు తలలను కాపాడే బలమైన కమాను తల వెనక నిలుస్తుంది. గాలిలో గడియ ఊడినప్పుడు ఎదురుగాలి మూతను కిందికి అదిమిపడుతుంది కాబట్టి అది పూర్తిగా తెరుచుకోకుండా, పీలుపుకూ ఎదురుగాలికీ మధ్య సమతూకం కుదిరిన కొద్దిపాటి ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఈ పద్ధతికి ఉన్న అతిపెద్ద బలం ఇదే.

అయితే ఆ కొద్దిపాటి ఎత్తు కూడా నిరపాయకరం కాదు. పైకి లేచిన వెనక అంచు దగ్గర గాలి ప్రవాహం చెదిరి, సుడులుగా మారి తోకమీద పడుతుంది. తోక విమానపు ముక్కును అదుపుచేసే భాగం కాబట్టి, కొన్ని నమూనాలలో ముక్కు హఠాత్తుగా దిగజారడం, కొన్నింటిలో తోక కంపించడం కనిపిస్తుంది. నేలమీద మరికొన్ని చిక్కులు ఉన్నాయి. వెనకనుంచి వీచే గాలి తెరిచిన మూత కిందికి దూరి దానిని ముందుకు విసిరేయగలదు కాబట్టి, కదలికను ఒక హద్దు దగ్గర ఆపే పట్టీ అవసరం; వానలో మూత తెరిస్తే నీరు నేరుగా పరికరాల ఫలకంమీద పడుతుంది. పైగా కీలు అక్షం పైరేకు కింద దాగి ఉండాలి కాబట్టి, మూత లేచేటప్పుడు దాని ముందు అంచు ఎదురురేకును రాసుకోకుండా ఉండడానికి వంపు తిరిగిన చేతులు కావాలి. బాతుమెడ ఆకారంలో ఉండే ఈ చేతులను చాలా కార్ల డిక్కీ మూతలకు కూడా చూడవచ్చు: అక్షం లోపలే ఉంటుంది, మెడ వంపు అంచును చుట్టి వెళుతుంది, మూత అడ్డంకి లేకుండా లేస్తుంది. ఇది చక్కని ఉపాయమే గాని, ఆ మెడ వంపు దగ్గర బలం కేంద్రీకృతం అవుతుంది కాబట్టి దాని మందాన్ని లెక్కగట్టకుండా కేవలం చూపుతో నిర్ణయించడం తగదు.

పక్కకీలు అన్నిటికంటే తేలికైనది, చవకైనది, ఒకరి వెనక ఒకరు కూర్చునే ఇరుకు దేహాలకు సహజంగా అమరేది. పాతకాలపు భోషాణం మూత ఒక పక్కకు తెరుచుకున్నట్టు ఇది తెరుచుకుంటుంది. 1979లో మొదటిసారి ఎగిరిన ఆర్‌వీ-4కూ, అదే ఏడాది ఎగిరిన బర్ట్ రూటాన్ రూపకల్పన లాంగ్-ఈజీకీ కానొపీ కుడిపక్క కీలుమీదే తిరుగుతుంది. హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణకు వాడే పిలాటస్ విమానం, స్వదేశీ యుద్ధవిమానం తేజస్ కూడా ఈ పక్కకీలు సంప్రదాయానికి చెందినవే. దీని లోపం గాలిలో బయటపడుతుంది. గడియ ఊడితే ముందుకీలులో ఉన్నట్టు ఎదురుగాలి మూతను అదిమిపట్టదు. పీలుపు ఒక అంచును ఎత్తిన వెంటనే గాలి దానిని పూర్తిగా పక్కకు విసురుతుంది, బలం చాలకపోతే కీలు చిరిగి మూత ఎగిరిపోతుంది.

లాంగ్-ఈజీ విషయంలో ఈ ప్రమాదం మరింత తీవ్రమైనది, ఎందుకంటే దాని ఇంజిను, ప్రొపెల్లర్ పైలట్ వెనక, విమానపు చివరన ఉంటాయి. ముందునుంచి ఊడిన ఏ వస్తువైనా, అది కానొపీ కావచ్చు, ఒళ్ళోంచి ఎగిరిన పటం కావచ్చు, నేరుగా తిరుగుతున్న ప్రొపెల్లర్‌లోకి పోతుంది. ఆ నమూనాలో దీనికి సమాధానంగా ప్రధాన గడియతోపాటు, అది ఊడినా మూతను కొద్ది అంగుళాలకు మించి లేవనివ్వని రెండవ కొక్కెం అమర్చారు; గడియ పడకుండా థ్రాటిల్‌ను, అంటే ఇంజిను శక్తిని పెంచే పిడిని, ముందుకు తోస్తే మోత మోగే హెచ్చరికను కూడా జతచేశారు. ఇందులో ఉన్న పాఠం ఆ ఒక్క విమానానికే పరిమితం కాదు. కీలు స్థానం ఏదో ఒక బలహీనతను తప్పక తెస్తుంది. ఆ బలహీనతకు గడియలో విరుగుడు ఉండాలి. కీలునూ గడియనూ విడివిడిగా ఎంచుకునే నిర్మాత సగం ప్రశ్నకే జవాబు చెప్పినవాడవుతాడు.

వెనక అంచున కీలు పెట్టడం చిన్న విమానాలకు తగదన్న మాటను కొద్ది వాక్యాలలోనే చెప్పవచ్చు. గడియ ఊడిన మరుక్షణం ఎదురుగాలి ముందు అంచు కిందికి దూరి, మూతను తెరచాపలాగా నింపి వెనక్కి విసురుతుంది. అది పోయే దారిలో పైలట్ తల, ఆ తరువాత తోక ఉంటాయి. సుఖోయ్-30 వంటి యుద్ధవిమానాలు వెనక కీలునే వాడుతున్నాయి కదా అన్న సందేహానికి సమాధానం వాటి అవసరంలోనే ఉంది: పైలట్ ఆసనంతో సహా బయటికి విసరబడవలసిన విమానంలో, మూత గాలికి తనంతట తానే వెనక్కి కొట్టుకుపోవడమే కావలసిన గుణం, దానికి తగిన బలమైన తాళాలు యంత్రశక్తితో పనిచేస్తాయి. ఒకే విమానం కాలక్రమంలో కీలు మార్చుకున్న సందర్భమూ ఉంది. మిగ్-21 తొలి రకాలలో కానొపీ ముందుకీలుమీద తెరుచుకుని, ఆసనంతోపాటు ఎగిరి పైలట్‌కు గాలి దెబ్బనుంచి కవచంలా పనిచేసేది. తరువాత ఆసనాల పద్ధతి మారడంతో విండ్‌షీల్డ్‌ను స్థిరంగా ఉంచి, కానొపీని కుడిపక్క కీలుకు మార్చారు. ఏ కీలైనా తనంతట తాను మంచిదో చెడ్డదో కాదని, మనిషి బయటపడే పద్ధతిని బట్టే దాని యోగ్యత తేలుతుందని ఈ మార్పు నిరూపిస్తున్నది.

నాలుగవ మార్గం కీలును పూర్తిగా వదిలి, కానొపీని రోలర్లమీద వెనక్కి జరపడం. సాధారణంగా రెండు పక్కల రెండు పట్టాలు, వెనక వెన్నుమీద ఒక పట్టా ఉంటాయి; మూత ఈ మూడు ఆధారాలమీద కదులుతుంది. ఎండలో రన్‌వే వైపు నడిపేటప్పుడు దానిని తెరిచి ఉంచవచ్చు, నేలమీది గాలి దానిని విసిరేయలేదు, వానపడినా పరికరాల ఫలకం స్థిరమైన విండ్‌షీల్డ్ చాటున ఉంటుంది. దీనికి బదులుగా నిర్మాత చెల్లించే మూల్యం శ్రమ: మూడు పట్టాలూ సమాంతరంగా ఉండాలి, విండ్‌షీల్డ్‌కూ మూతకూ మధ్య సందు వంపు పొడవునా ఒకే తీరున ఉండాలి, కళ్ళముందు ఒక కమాను అడ్డు తప్పదు. ఢీకొన్నప్పుడు దేహం కొద్దిగా వంగినా పట్టాలు బిగుసుకుని మూత కదలకపోయే ప్రమాదం కూడా ఉంది.

స్థానం తేలిన తరువాత కీలు రకం. చిన్న విమానాలలో ఎక్కువగా వాడేది పియానో కీలు, అంటే పియానో మూతకు ఉన్నట్టు పొడవునా పళ్ళు పళ్ళుగా అల్లుకుని, మధ్యలో ఒకే సన్నని తీగపిన్ను దూరే అల్యూమినియం పట్టీ. బలాన్ని అది ఒక బిందువు దగ్గర కాక పొడవంతటా పంచుతుంది కాబట్టి సన్నని రేకుకు అనుకూలమైనది. దాని శత్రువులు రెండు. మొదటిది అరుగుదల: గట్టి ఉక్కుపిన్ను మెత్తని అల్యూమినియం పళ్ళను కంపనంలో నెమ్మదిగా తినేస్తుంది. రెండవది పిన్ను జారిపోవడం: చివరలను వంచకపోయినా, రక్షణ తీగతో కట్టకపోయినా, పిన్ను కంపనానికి కొద్దికొద్దిగా పక్కకు జరిగి ఒకనాడు బయటికి వచ్చేస్తుంది. విడి కీళ్ళు వాడేవారు ఒక్కొక్క రంధ్రపు అంచుమీద పడే బలాన్ని విడిగా లెక్కించాలి. రెక్కల చివరి పలకలు, తోక పలకలు వంటి అదుపు భాగాల కీళ్ళలో, బేరింగులు లేనిచోట, అందులోని అత్యంత మెత్తని లోహపు బలానికి 6.67 రెట్ల భద్రత ఉండాలని అమెరికా చిన్న విమానాల పాత ప్రమాణాలు కోరాయి. మామూలు భాగాలకు కోరిన అంకె 1.5 మాత్రమే. ఆ నియమం కానొపీ కోసం రాసినది కాకపోయినా, కదిలే కీలు కదలని అతుకుకంటే ఎంత ఎక్కువ అనుమానానికి అర్హమో ఆ రెండు అంకెల మధ్య దూరం చెబుతుంది.

పారదర్శకపు భాగం స్వభావం కీలును ఇంకో విధంగా ప్రభావితం చేస్తుంది. సాధారణంగా అది గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. వేడికి అది అల్యూమినియంకంటే మూడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 1.2 మీటర్ల పొడవున్న కానొపీకి చలికాలపు ఉదయానికీ, వేసవి మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా ఉంటే యాక్రిలిక్ దాదాపు 3.4 మిల్లీమీటర్లు, దాని కింది అల్యూమినియం చట్రం సుమారు 1.1 మిల్లీమీటర్లు పొడవు మారతాయి. మధ్యలో మిగిలిన రెండు మిల్లీమీటర్ల పైచిలుకు కదలికకు చోటు లేకపోతే, రంధ్రాల అంచున మొదలైన వెంట్రుకవాసి చీలిక క్రమంగా మూతంతా పాకుతుంది. అందుకే కీలును ఎన్నడూ నేరుగా యాక్రిలిక్‌కు బిగించరాదు. చట్రానికి బిగించి, యాక్రిలిక్‌ను ఆ చట్రానికి వెడల్పు రంధ్రాలతోనో, సాగే గుణమున్న జిగురుతోనో పట్టించాలి. ప్లాస్టిక్ కోసం ప్రత్యేకంగా చేసిన బరమాలనే వాడి, కోసిన అంచులను నునుపు చేసి, ఈ పనినంతా వెచ్చని గదిలో చేస్తే చీలిక ప్రమాదం బాగా తగ్గుతుంది.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మనిషి ఎలా బయటపడతాడు? జర్మన్ గ్లైడర్లలో, అంటే ఇంజిను లేకుండా గాలి ప్రవాహాలమీద తేలే విమానాలలో, రోయ్‌గర్ కొక్కెం అనే ఏర్పాటు ఉంది. ఆపదలో మూతను వదిలించినప్పుడు వెనక అంచున ఉన్న ఆ కొక్కెం తాత్కాలికపు కీలుగా మారి, మూత ముందు అంచును మొదట లేపి, పైలట్ తలకు తగలకుండా వెనక్కి తిప్పి పంపుతుంది. రోజూ తెరవడానికి ఒక కీలు, ప్రాణం కాపాడడానికి మరొక కీలు ఉండవచ్చునన్న ఈ ఆలోచన ఎంతో విలువైనది. పారాచూట్ లేకుండా ఎగిరే చిన్న విమానంలో గాలిలో మూత విడిచే అవసరం అరుదు. నేలను తాకి తలకిందులై, ఇంధనం కారుతున్న స్థితే అక్కడ నిజమైన పరీక్ష. అప్పుడు ముందుకీలూ పక్కకీలూ నేలకు ఒత్తుకుని కదలవు, జరిగే మూత కూడా బిగుసుకుపోవచ్చు. కాబట్టి కీలు ఏదైనా, యాక్రిలిక్‌ను పగలగొట్టగల బరువైన సుత్తివంటి పనిముట్టు కట్టుబెల్టు విప్పకుండానే చేతికి అందేచోట ఉండాలి. కూర్చుని, కళ్ళు మూసుకుని, దానిని అందుకునే అభ్యాసం కూడా జరగాలి.

ఇక్కడ చెప్పిన విషయాలన్నిటినుంచి ఎంపికకు ఒక క్రమం ఏర్పడుతుంది. మొదట చెక్కతో, అట్టతో పూర్తి పరిమాణపు నమూనా చేసి, నిర్మాత తన ఎత్తుతో, తన వయసుతో, చలికాలపు దుస్తులతో అందులోకి దిగి బయటికి రావాలి. తరువాత గడియ ఊడినట్టు ఊహించి, గాలి ఏ అంచును పట్టుకుంటుంది, మూత ఎటు పోతుంది, పోయే దారిలో తల ఉందా, తోక ఉందా, ప్రొపెల్లర్ ఉందా అని గీసి చూడాలి. ఆ చిత్రం నచ్చకపోతే కీలు మార్చాలి. మార్చలేకపోతే రెండవ కొక్కెం, హెచ్చరిక మోత తప్పనిసరి చేయాలి. పూర్తయిన మూతను మొదటిసారి ఎగరకముందే లెక్కగట్టిన బలానికి ఒకటిన్నర రెట్లు పైకి లాగి చూడాలి. దీనికి ఇసుక సంచులు, కప్పీ చాలు. ఎగిరాక గడియ నిజంగా ఊడినా, చేతులు మూతను పట్టుకోవడానికి పోకుండా విమానాన్ని నడిపే పిడిమీదే ఉండాలన్న నియమాన్ని ముందే వంటబట్టించుకోవాలి, ఎందుకంటే తెరుచుకున్న కానొపీతో చాలా విమానాలు ఎగరగలవు గాని, నడిపేవారు లేకుండా ఏదీ ఎగరలేదు. కానొపీకి కీలు పెట్టే చోటును నిర్ణయించడమంటే గాలికి ఏ అంచును అప్పగించాలో, ఏ అంచును అప్పగించకూడదో ముందుగా నిర్ణయించడమే; ఆ నిర్ణయాన్ని షెడ్డులో బల్లముందు, తొందర లేని సమయంలో తీసుకున్న నిర్మాత దానిని ఆకాశంలో, క్షణాల వ్యవధిలో మళ్ళీ తీసుకోవలసిన అవసరాన్ని తనకూ, తన పక్కన కూర్చునేవారికీ తప్పిస్తాడు.